మూడో తెప్పకు కొత్తల్లుడు

వైశాఖ శుద్ధ విదియ

ఈ చిట్టా చెబుతున్నది సూరాడ మాణిక్యం, మూడో తెప్ప, సాయం బల్ల. సాయం బల్ల అంటే ఏదో పెద్ద కుర్చీ అనుకునేరు. యంత్రం మీద ఎర్రదీపం వెలిగితే నోటి దగ్గరి ముద్ద కంచంలో పడేసి పరిగెత్తే మనిషి అని దాని అర్థం. గొట్టం పూడినా, పెనం చల్లారినా, యంత్రం అలిగినా ఈ తెప్ప మీది రెండు జట్లకూ నేనే దిక్కు. పని బాగా జరిగితే అది జట్టు గొప్ప, చెడితే సాయం బల్ల తప్పు. ఇన్నేళ్లుగా ఇదే వరస.

ఏ రోజు సంగతి ఆ రోజు చిట్టాకు చెప్పాలని కొండ మీది హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. చెబుతాను. తారీఖులు మాత్రం వెయ్యను. తెప్ప అనే ఈ తేలే ఫ్యాక్టరీ మీద బతికేవాళ్లకు పోటెప్పుడో పాటెప్పుడో తెలిస్తే చాలు, దానికి తిథి ఉంది.

ఇక అసలు ఏడుపు. ఈరోజు మధ్యాహ్నం షిఫ్టులో ఎర్రదీపం వెలిగిన సేపే ఎక్కువ. తీసిన పొరల్లో సగం చెత్తలోకి వెళ్లాయి. ఒకటి మాడుతుంది, దాని పక్కది పచ్చిగా ఉంటుంది, మళ్లీ ఒకటి మాడుతుంది. మేం చేసేవి మంచినీటి పొరలు, సముద్రపు నీళ్లను తాగే నీళ్లుగా వడగట్టేవి. కాగిన పెనం మీద జిగురుపిండి పోసి, పలచగా పరిచి, ఆరాక తీస్తే పొర. దోసెకూ దానికీ తేడా అల్లా, దీన్ని తినలేం. యంత్రానికి ఎడమ పెనం ఒకటి, కుడి పెనం ఒకటి. ఇటొకటి అటొకటి మార్చి మార్చి పోస్తుంది. దిగిన పొర పరీక్ష బల్ల ఎక్కుతుంది, బల్ల దాని గుండా సముద్రపు నీళ్లు నెట్టి చూస్తుంది. పొర మాడితే నీళ్లే దిగవు. పచ్చిగా ఉంటే నీళ్లతో పాటు ఉప్పూ దిగుతుంది.

బల్ల చెప్పింది విని పెనాల మంట సర్దేది కొత్తల్లుడు. మొన్న ఫాల్గుణంలో హెడ్డాఫీసు నుంచి వచ్చిన తెలివైన పెట్టె అది. అంతకుముందు మేమే చేత్తో మర తిప్పుకునేవాళ్లం. దీనికి చల్లగా ఉండాలట, దుమ్ము తగలకూడదట, దగ్గర్లో ఎవరూ గట్టిగా కొట్టకూడదట. వచ్చిన రోజే నూకరత్నం అప్ప దానికి ఆ పేరు పెట్టేసింది. అప్ప మధ్యాహ్నం జట్టుకు పెద్ద. ఈరోజు చెత్తబుట్ట చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఒలే మాణిక్యం, మీ కొత్తల్లుడికి ఏటి కావాలో అడుగు. బూరెలు వొండాలేటి? పట్టుపంచె ఎట్టాలేటి?"

అందరూ నవ్వారు. అప్ప మాత్రం నవ్వలేదు. పున్నమి పోటుకు పడవ వస్తుంది. మునిగిన కట్ట మీదుగా బరువు పడవ దాటాలంటే ఆ ఒక్క పోటుకే దాటాలి, మళ్లీ అంత పోటు ఈ ఎండాకాలంలో రాదు. ఆ పడవలో కట్టకు అవతలున్న మిట్టపేట ఆరు వీధులకూ కొత్త పొరలు వెళ్లాలి. పాతవి అరిగిపోయాయి. పున్నమికల్లా పొరలు అందని వీధిని ఖాళీ చేయించి కొండపైన గుడారాల్లోకి తరలిస్తామని అక్కడి కమిటీ చెప్పేసింది. ఆఖరి వీధి, అంటే ఆరో వీధిలో అప్ప కూతురు నీలవేణి ఉంది. సముద్రం తరిమితే ఇప్పటికే రెండుసార్లు మూట కట్టుకున్న పిల్ల.

చవితి

పెనాలు గీకించాను. పిండి మార్చాను. గొట్టాలు విప్పి, కడిగి, మళ్లీ బిగించాను. పొద్దుటి జట్టు పెద్ద తెడ్డు పోలరాజు నా వెనకే తిరుగుతూ వెక్కిరింపు. వరసకు మావ అవుతాడు, అందుకని ఏమన్నా పడాలి.

"మాణిక్యం కాదే, మెకానిక్కం! మర ఇప్పడం తెలుసు, బాగుసెయ్యడం తెల్దు."

"నీ షిఫ్టులో వచ్చిన చెత్తంతా ఏరి నీ మంచం కింద పెడతాను మావా, ఉండు."

పోలరాజుకు ఇంకో పెత్తనం కూడా ఉంది. యంత్రానికి ఎదురుగా గోడలో గంగమ్మ తల్లి గూడు, అందులో పసుపు రాసిన రాయి. దాని మంచీచెడ్డా అంతా ఆయనదే. పొద్దున షిఫ్టు మొదలైంది. ఎప్పటిలాగే చెప్పులు విప్పాం. మొదటి పొర దిగగానే పోలరాజు రెండు చేతులా పట్టుకెళ్లి గూట్లో పెట్టాడు, అందరం కళ్లకద్దుకున్నాం, పని మొదలైంది. మధ్యాహ్నం జట్టుకు ఆ పని నూకరత్నం అప్ప చేస్తుంది. మా తాతలు వలలో పడ్డ మొదటి చేపను తల్లి పేరు చెప్పి నీళ్లలోకి వదిలేసేవాళ్లు. ఇప్పుడు వలలు లేవు, పొరలున్నాయి. తల్లికి పెట్టినవన్నీ గూడు కింది చెక్కపెట్టెలో చేరతాయి, మాఘం జాతరకు వాటిని పడవలో తీసుకెళ్లి సముద్రంలో కలిపేస్తాం.

ఎండెక్కేదాకా పొరలు ఏదో ఫర్వాలేదు. ఎండ ముదిరిందో, మళ్లీ అదే తంతు. నాకు ఎండ మీదే అనుమానంగా ఉంది. ఎడమ పెనం రోజంతా ఎండ తగిలే రేకుగోడకు ఆనుకుని ఉంటుంది.

షష్ఠి

ఆ రేకుగోడకు తడి గోనెపట్టాలు కట్టించాను. కొంత మేలు, కానీ ఆ కొంత ఏ మూలకు? చెత్త ఇంకా కుప్పలుగానే వస్తోంది. ఒళ్లు మండి హెడ్డాఫీసుకు ఫోను కలిపాను. కొత్తల్లుణ్ని తయారుచేసిన జయతీర్థ గారు మాట్లాడారు. ఆయనకు ఓపిక ఎక్కువ. నాకది లేదు కాబట్టి ఆయన మెత్తగా మాట్లాడేకొద్దీ నాకు చిరాకు పుడుతుంది.

"మాణిక్యమ్మా, ఒక్క మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. పెనం కాడి నుంచి బల్ల కాడికి పొయ్యే దోవలో ఎవరన్నా పొరలు తీస్తా ఉండారా? మా పెట్టె వరసను నమ్ముకోని పనిచేస్తాది."

చిరిగిన పొరైనా బల్ల ఎక్కాల్సిందే, మధ్యలో ఒక్కటీ తీయరాదు అని కొత్తల్లుడి వీపు మీదే పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. అయినా రెండు జట్లలోనూ ప్రతి మనిషినీ అడిగాను. పోలరాజుకు పౌరుషం వచ్చింది.

"మమ్మల్ని దొంగల్ని సేస్తన్నావేటే? గంగమ్మ తల్లి సాచ్చిగా ఒక్కటీ తియ్యనేదు!" అని గూటివైపు చెయ్యి చాపాడు.

నూకరత్నం అప్ప కూడా అదే ఒట్టు వేసింది. "మా వాళ్లు అబద్ధం చెప్పరు సార్" అని జయతీర్థ గారికి కాస్త కరుగ్గానే చెప్పాను. "అయితే పెట్టెనే మారుస్తాం. కానీ అది మీ కాడికి వచ్చేలోపల పున్నమి దాటిపోతాదమ్మా" అన్నారాయన.

సాయంత్రం ఇంకో కబురు. నూకరత్నం అప్ప బావగారు, అంటే వాళ్లాయన అన్నగారు, పోయారట. అప్ప చిన్న పడవలో ఒడ్డుకెళ్లింది. పాపం, పెద్దాయన ఆమెను సొంత చెల్లెల్లా చూసుకున్నాడు.

అష్టమి

అప్ప వచ్చేసింది! పదోనాటి దాకా రాదనుకున్నాం.

"అప్పుడే వచ్చావేం అప్పా?"

"అక్కడ కూకుని ఏడిత్తే పోయినోడు లేచొత్తాడేటి? నా కూతురి ఈదికి పొరల్లేవు. ఆ కార్యాలు ఆళ్లు సూసుకుంటారు, ఈ కార్యం నాను సూసుకోవాల."

మైల మాత్రం మైలే. అప్ప గూటివైపు వెళ్లలేదు. పోలరాజు తన షిఫ్టు ముగించుకుని పోతూ పోతూ మధ్యాహ్నం జట్టంతటికీ చెప్పాడు: మైల మనిషి ముందుండి నడిపే షిఫ్టులో తల్లికి పొర పెట్టకూడదు, పదిరోజులూ ఈ షిఫ్టు సేపు గూటికి తెర వేసి ఉంచండి అని. తెర వేశారు. మొదటి పొర దిగినప్పుడు అందరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పొర తిన్నగా వెళ్లి పరీక్ష బల్ల ఎక్కింది. నాకైతే అన్నంలో ఉప్పు మరిచిపోయినట్టు అనిపించింది.

తర్వాత జరిగింది చెబితే నమ్మరు. ఎర్రదీపం వెలగలేదు. ఎండ నెత్తిమీదికొచ్చి పడమటికి దిగింది, రేకుగోడ ముట్టుకుంటే చెయ్యి కాలింది, అయినా వెలగలేదు. ఒకదాని వెనక ఒకటి పొరలు చక్కగా దిగి, చక్కగా పరీక్ష నెగ్గి, మిట్టపేట పెట్టెల్లోకి వెళ్లాయి. జట్టంతా పూనకం వచ్చినట్టు ఈలలు. అప్ప చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మా బావగారే పైనుంచి సూసుకున్నాడే, మాణిక్యం."

కావచ్చు. నాకు మాత్రం సంతోషం సగమే. ఎందుకు బాగుపడిందో తెలియనిది ఎప్పుడు చెడుతుందో కూడా తెలియదు.

నవమి

పొద్దుటి షిఫ్టు మళ్లీ తగలడింది. అదే యంత్రం, అదే పిండి, అవే గోనెపట్టాలు. పోలరాజు మొదటి పొరను తల్లికి పెట్టి, మామూలుకన్నా ఎక్కువసేపు దండం పెట్టుకున్నాడు కూడా. పొద్దెక్కేసరికి చెత్తబుట్ట నిండింది. మధ్యాహ్నం అప్ప జట్టు వచ్చింది. మళ్లీ ఒక్క మచ్చ లేకుండా పని!

పొద్దుటి జట్టు నా మీద విరుచుకుపడింది. నేను అప్ప జట్టుకేదో చాటుగా చేసి పెట్టానట, వాళ్లకు చెప్పలేదట. నేనూ నోరు పారేసుకున్నాను. అసలు బాధ ఆ గొడవ కాదు. వంటగది దగ్గర ఎవరో అననే అన్నారు: తల్లికి పెట్టిన షిఫ్టేమో పాడవుతోంది, పెట్టని షిఫ్టేమో బాగుంటోంది, అంటే పోలరాజు చెయ్యి తల్లికి నచ్చడం లేదని. ఆ మాట పోలరాజు చెవిన పడింది. వెక్కిరింపులన్నీ ఆగిపోయాయి. అన్నం ముట్టలేదు. గూటి ముందు కూర్చుని నన్ను చూసి, "నానేటి తప్పు సేసినానే?" అన్నాడు చిన్నగా. ఆయన నన్ను తిట్టినా బాగుండేది.

దశమి

ఈరోజు ఏ మరా ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడి చూడటమే పని అనుకున్నాను.

పొద్దుటి షిఫ్టు. చెప్పులు విప్పాం. ఎడమ పెనం మీద మొదటి పొర దిగింది. పోలరాజు దాన్ని పట్టుకెళ్లాడు, నేనూ కళ్లకద్దుకున్నాను. కుడి పెనం మీది పొర దిగి, బల్ల ఎక్కింది. బల్ల నుదుటి మీద అంకె పడింది. ఒకటి.

నేను గూటివైపు చూశాను. మళ్లీ బల్లవైపు చూశాను. ఒకటి గూట్లో ఉంది కదా! బల్ల మీద ఉన్నది రెండోది కదా!

అక్కడే నేల మీద కూలబడ్డాను. కొత్తల్లుడికి తెలిసింది ఒక్కటే లెక్క. షిఫ్టు మొదలైనప్పుడల్లా మొదటిది ఎడమది, రెండోది కుడిది, మూడోది మళ్లీ ఎడమది. మొదటిది గూట్లోకి వెళ్లిపోతే, కుడి పెనం పొరను వాడు ఎడమదనుకుంటున్నాడు. కుడి పెనం పచ్చిగా ఉందని బల్ల చెబితే ఎడమ పెనానికి మంట పెంచుతున్నాడు. అసలే ఎండకు కాగి ఉన్న ఎడమ పెనం ఇంకా మాడుతోంది. మాడిందని బల్ల గోల పెడితే కుడిదానికి మంట తగ్గిస్తున్నాడు, అది ఇంకా పచ్చిబడుతోంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అల్లరి ఒకడిది, వీపు విమానం మోత ఇంకొకడిది. ఫాల్గుణంలో రెండు పెనాలూ ఒకేలా కాగేవి, కాబట్టి ఎవరి దెబ్బ ఎవరికి తగిలినా తేడా తెలియలేదు. మైల షిఫ్టులో తల్లికి పొర పెట్టలేదు, వరస తప్పలేదు.

మధ్యలో ఎవరూ ఒక్కటీ తియ్యలేదని అందరూ ఒట్టు వేశారే! ఆ ఒట్టులో అబద్ధం లేదు. తల్లికి పెట్టడం తియ్యడం ఎలా అవుతుంది? నన్నడిగినా లేదనే చెప్పేదాన్ని. చెప్పాను కూడా, అంత పెద్దాయనకు, కరుగ్గా.

షిఫ్టులు మారే వేళ రెండు జట్లనూ నిలబెట్టి విషయం చెప్పాను. అప్ప దూరంగా నిలబడి విన్నది. పోలరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయితే నా సెయ్యే ముంచీసిందన్నమాట. రేపట్నుంచి తల్లికెట్టడం మానీమంటావు. అంతేగా?"

వెనక నుంచి ఒకరన్నారు, ముందు బల్ల మీద పరీక్ష చేసి తర్వాత తల్లికి పెడితే సరిపోతుంది కదా అని. పోలరాజు గయ్యిమన్నాడు.

"ఉప్పునీల్లు తాగించి, ఎంగిలి సేసి, అది తల్లికెడతావా? మీ ఇంట్లో నైవేద్యం రుసి సూసి ఎడతారేటి?"

ఆ మాట నిజమే. నేనూ ఒప్పుకోను.

"మానొద్దు మావా," అన్నాను. "రెండు పెట్టు."

"ఏటి?"

"రేపట్నుంచి తల్లికి రెండు పొరలు. ఎడమదొకటి, కుడిదొకటి. అప్పుడు బల్ల ఎక్కేది మూడోది. మూడోది ఏ పెనంది?"

ఆయన వేళ్లు మడిచాడు. "ఎడమ."

"బల్ల దాన్ని ఒకటి అంటుంది. కొత్తల్లుడు ఎడమది అనుకుంటాడు. అనుకోనీ, అది ఎడమదే కదా! ఆ తర్వాతది కుడి. వాడు తిట్టినా కొట్టినా తప్పు చేసినదానికే తగులుతుంది."

పోలరాజు ఇంకోసారి వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. ఆ మొహం వెలగడం చూడాలి మీరు. రెండు రోజులుగా అన్నం ముట్టని మనిషి తొడ మీద చరుచుకున్నాడు.

"ఓలమ్మో! అయితే తల్లికి ఒకటి సాల్లేదన్నమాట! అందుకే అలిగింది!"

"అలాగే అనుకో మావా."

జయతీర్థ గారికి ఫోను చేసి అంతా చెప్పాను. అటునుంచి నవ్వు వినిపించింది, కళ్లనీళ్లు తుడుచుకునే రకం నవ్వు.

"నేనైతే మానేయమని రాసి పంపించుందును తల్లీ. ఇట్లాంటిది నాకు తట్టనే తట్టదు. రెండు పెట్టండి. నా పేరు చెప్పి ఇంకో దండం కూడా పెట్టండి."

"మొన్న కరుగ్గా మాట్లాడాను సార్. మనసులో పెట్టుకోకండి."

"మా ఇంట్లో అంతకన్నా కరుగ్గానే మాట్లాడతారు లేమ్మా" అన్నారు.

ఏకాదశి

పొద్దున తెప్ప మీద ఉన్న ప్రతి మనిషీ యంత్రం ముందే ఉన్నారు. వంటమనిషి కూడా గరిటెతో వచ్చి నిలబడింది. పోలరాజు తలస్నానం చేసి, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. ఎడమ పెనం పొర దిగింది, పట్టుకెళ్లి గూట్లో పెట్టాడు. కుడిది దిగింది, దాన్నీ పెట్టాడు. మూడోది బల్ల ఎక్కింది. ఒకటి అని అంకె పడింది.

ఎర్రదీపం వెలగలేదు. మిట్టమధ్యాహ్నం దాటింది, రేకులు టపటపమన్నాయి, వెలగలేదు. పోలరాజు చెత్తబుట్టను బోర్లించి దాని మీద కూర్చున్నాడు, కాలు మీద కాలేసుకుని. మధ్యాహ్నం అప్ప జట్టు వచ్చింది. గూటికి తెర వేశారు, వాళ్ల వరస వాళ్లకు కుదిరే ఉంది, అక్కడా వెలగలేదు. సాయం బల్ల దగ్గర కూర్చుని కంచంలో అన్నం ఆఖరి మెతుకు దాకా తిన్నాను. మజ్జిగ కూడా పోసుకున్నాను. గెలిచాం! ఈ మాట చిట్టాకు గట్టిగా అరిచి చెప్పాను, పక్కగదిలో వాళ్లు ఉలిక్కిపడి లేచారు.

చతుర్దశి

తొందరపడి అరిచాను. పొరలు ఇప్పుడు అద్భుతంగా వస్తున్నాయి, కానీ పాడు చేసుకున్న రోజులు తిరిగి రావు కదా. ఈ సాయంత్రం పెట్టెలు లెక్క చూశాం. ఐదు వీధులకూ సరిపోయాయి. ఆరో వీధికి నూట యాభై దాకా తక్కువ. పున్నమి రేపే. యంత్రం ఆగకుండా నడిచినా అందులో నాలుగోవంతు కూడా కావు.

కమిటీతో జయతీర్థ గారు స్వయంగా మాట్లాడారు. పొరలు లేని వీధిని ఉంచలేమని, పసిపిల్లలున్నారని వాళ్లన్నారు. వాళ్ల తప్పేం లేదు.

నూకరత్నం అప్ప చేతులు కడుక్కుంది, పెనం తుడిచింది, మళ్లీ పనిలో నిలబడింది. "నీలవేణిని మూట కట్టుకోమని కబురెట్టాలేటి, మాణిక్యం?" అని అడిగింది. మొహం తిప్పుకుని అక్కర్లేని నట్టొకటి బిగించాను.

పున్నమి

సాయంత్రం పోటు పొంగుతోంది. పడవ వచ్చి తెప్పకు ఆనుకుంది. ఐదు వీధుల పెట్టెలూ ఎక్కించాం. ఆరో వీధి పెట్టెలు సగం ఖాళీగా ఒడ్డుకు తన్నేసిన గుల్లల్లా ఉన్నాయి. పడవ సరంగు పోటు తగ్గేలోపు కట్ట దాటాలని తొందర పెడుతున్నాడు.

పోలరాజు గూటి ముందు నిలబడి ఉన్నాడు. ఉన్నట్టుండి వంగి గూడు కింది చెక్కపెట్టెను బయటికి లాగాడు. మూత తీశాడు. మాఘం జాతర తర్వాత నుంచి రెండు జట్లూ తల్లికి పెట్టిన పొరలు, ఒకదాని మీద ఒకటి, తడిగుడ్డలో చుట్టి.

"పోలరాజూ! తల్లివి గదరా!" అని అప్పే ముందు అరిచింది. కూతురి కోసమైనా ఆ పెట్టె ముట్టుకోమని ఆమె నోటితో అనలేదు, నేనూ అనలేదు, మా ఎవ్వరికీ ఆ ఆలోచనే రాలేదు.

"తల్లివే. ఎవుడు కాదన్నాడు?" అన్నాడు పోలరాజు. "జాతరకి వీటిని ఏటి సేత్తాం మనం?"

"సముద్రంలో కలుపుతాం" అన్నాను.

"మిట్టపేట పంపుల్లోకి వొచ్చీ నీల్లు ఏటి నీల్లు?"

"సముద్రం నీళ్లే."

"అయితే అక్కడ కలుపుదాం. మా తాత మొదటి సేపని తల్లికని నీల్లలోకే వొదిలీసేవోడు, పెట్టెలో దాసుకోలేదు. తల్లి నీల్లు తల్లి పొరల్లోంచే పోతాయి. నాలుగిళ్లలో పిల్లలు తాగుతారు. తల్లికి ఇంతకన్నా ఏటి కావాల?"

గూటికి దండం పెట్టి మొదటి పొరను తనే బల్ల మీద వేశాడు. తల్లికి చెల్లిపోయింది కాబట్టి ఇక ఎంగిలి లేదు. మొదటి దోసె ఏ ఇంట్లో సరిగా వచ్చింది కనుక? బల్ల నీళ్లు నెట్టింది. పచ్చదీపం. రెండోది, పచ్చదీపం. పదోది, ఇరవయ్యోది, అన్నిటికీ పచ్చదీపమే, అన్నీ నెగ్గాయి. అప్పుడు తట్టింది నాకు. షిఫ్టు మొదట్లో, పెనాలు తుడిచిన వెంటనే, కొత్తల్లుడు ఇంకా వేలు పెట్టకముందు పోసిన పొరలు ఇవి. తెప్ప మీద వీటికన్నా మంచి పొరలు లేవు. మా దగ్గరున్న వాటిలో మేలైనవే తల్లికి పెట్టామన్నమాట, తెలియకుండానే.

అందరం వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ పడవలోకి అందించాం. అప్ప దూరంగా ఉండిపోయింది.

"నాను ముట్టుకోకూడదు గదా" అంది.

"ముట్టుకోకు. లెక్కెట్టు" అన్నాడు పోలరాజు.

అప్ప గట్టిగా లెక్కపెట్టింది. వంద దాటినా ఆపలేదు. ఆరో వీధి పెట్టెలు నిండాయి. నిండాక కూడా నాలుగు పొరలు మిగిలాయి. వాటిని తిరిగి గూట్లో పెట్టాం. పడవ కదిలింది, వెన్నెల్లో కట్ట మీద ఒక్కసారి పైకి లేచి, అవతలికి దిగింది. మేమందరం అరిచిన అరుపుకు సరంగు బెదిరి చుక్కాని వదిలేసి ఉంటాడు!

బహుళ తదియ

అప్పకు మైల తీరింది. ఈరోజు తనే స్వయంగా రెండు పొరలు గూట్లో పెట్టింది. కొత్త పెట్టె పంపమంటారా అని జయతీర్థ గారు అడిగారు. అక్కర్లేదు, ఈ అల్లుడు మాకు అలవాటయ్యాడు అన్నాను.

మధ్యాహ్నం నీలవేణి ఫోను చేసింది. పని ఆపకుండానే అందరికీ వినిపించేలా పెద్దగా పెట్టాను.

"అమ్మా! ఆరో ఈది పంపు తిప్పినామే! నీల్లు వొచ్చీసినాయి! తియ్యగున్నాయని పిల్లలు ఎగురుతన్నారు. నానింకా తాగలేదు. మొదటి సెంబు గంగమ్మకి పోసీసినాను."

అప్ప ఏడుస్తూ నవ్వుతోంది. రెండు జట్లూ యంత్రం మోతను మించి కేకలు. ఆ గోలలో పోలరాజు నన్ను పక్కకు నెట్టి ఫోను మీదికి వంగాడు.

"ఒక సెంబేనా? ఇంకోటి కూడా పొయ్యే!"

"రెండెందుకు మావా?"

ఆయన నావైపు చూశాడు. మొదటి నుంచీ చెప్పాలంటే పొద్దుపోతుంది.

"లెక్క కుదరాలమ్మా" అన్నాను.

మిట్టపేట మట్టి మీద రెండో చెంబు మంచినీళ్లు పడిన చప్పుడు తెప్ప మీద మా అందరికీ వినిపించింది.